పంపినట్టు చూపిన పదకొండు రోజులు

మా ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేది నేను. రక్తం తీయడం నా పని కాదు, పరీక్ష చెయ్యడమూ నా పని కాదు. పరీక్ష పూర్తయి మా డాక్టరమ్మ సంతకం పెట్టాక, ఆ రిపోర్టు మనిషి చెయ్యి పడకుండా దానంతట అదే రోగి మెయిల్‌కి వెళ్ళిపోవాలి. అలా వెళ్ళేట్టు చూడటమే నా పని. వెళ్ళిన రిపోర్టు పక్కన ‘పంపబడింది’ అని చిన్న ఆకుపచ్చ టిక్కు పడుతుంది. ఒక పదకొండు రోజులపాటు ఆ టిక్కు ప్రతి రిపోర్టు పక్కనా పడింది. ఆ పదకొండు రోజుల్లో ఒక్క రిపోర్టు కూడా ఎవరికీ చేరలేదు. ఆ సంగతి తెలిసిన రోజు మొదలైన భయం నాలో ఇంకా అలాగే ఉంది. అది పోవాలని కోరుకునే హక్కు నాకు ఉందో లేదో తెలియదు.

ల్యాబు సౌకార్‌పేటలో, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు మీద మొదటి అంతస్తులో ఉంటుంది. వ్యాసర్‌పాడిలోనూ మనలిలోనూ, ఇదే నగరంలో, శాంపిళ్ళు తీసుకునే మా చిన్న గదులు ఉన్నాయి. నేను చేరక ముందు నుంచీ అక్కడ ఒక పద్ధతి ఉండేది. ప్రమాదం సూచించే ఫలితం ఏదైనా వస్తే, రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఇరవై ఏళ్ళుగా ఉన్న అక్క ఆ ఇంటికి ఫోన్ చేసేది. చెప్పి పెట్టేసేది కాదు. అవతలి మనిషి చేత ఆ అంకెను తిరిగి చెప్పించుకునేది. విన్నది ఎవరు, భార్యా, కొడుకా, ఎన్ని గంటలకు అన్నది ఒక నోటుబుక్కులో రాసేది.

ఆ పద్ధతిని మానిపించింది నేనే. మెయిల్ నిమిషంలో పోతుంటే ఇంకా ఫోన్లేమిటని డాక్టరమ్మకు నచ్చజెప్పాను. ఎర్ర గుర్తు పడిన రిపోర్టు మిగతావాటికంటే ముందు పోయేలా చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అక్కకు మాత్రం నచ్చలేదు.

“మెయిల్ పోతే చాలునా తమ్ముడూ? ఆ పక్కన ఇన్న మనిషి ఒకరు ఉండద్దా?” అంది.

“అక్కా, నువ్వింకా తంతి ఆఫీసు కాలంలోనే ఉండావు” అన్నాను. చుట్టూ ఉన్న వాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వాలనే అన్నాను.

తరువాత ఇంకో పని చేశాను. రోగి పేరు రాసుకునే పేజీలో మెయిల్ అడ్రసు గడి నింపితే తప్ప బిల్లు రాకుండా చేశాను. వారం తిరగకుండానే అక్క మళ్ళీ వచ్చింది.

“మెయిలే లేనోళ్ళకి ఏం కొట్టేది? రైల్వే యార్డులో మూటలు మోసే ముసలాయన్ని మెయిల్ యాడ అని అడిగితే, అది ఐదు గంటలకే పోయింది, ఇంక రేపే అన్నాడు. ఆయనకి తెలిసిన మెయిలు రైలే.”

“ఏదో ఒకటి కొట్టక్కా. ఆ గడి ఖాళీగా లేకపోతే చాలు.”

ఆమె ఏదో ఒకటే కొట్టింది. రోగి ఫోన్ నంబరు కొట్టి, దాని వెనక పెద్ద మెయిల్ కంపెనీ తోక తగిలించింది. చూడటానికి అచ్చంగా అడ్రసులాగే ఉంటుంది. ఆమెను చూసి మనలి వాళ్ళు, వ్యాసర్‌పాడి వాళ్ళు కూడా అదే నేర్చుకున్నారు. ఆ అడ్రసులు ఎవరివీ కావు. వాటికి పోయిన మెయిల్ ప్రతిదీ, అలాంటి అడ్రసు లేదన్న జవాబుతో తిరిగివచ్చేది. ఆ జవాబులు నాకే వచ్చేవి, రోజుకు పదులకొద్దీ. కొన్నాళ్ళు విసుక్కున్నాను. తరువాత నా మెయిల్లో ఒక రూల్ పెట్టాను. అలా వచ్చినవన్నీ నా కంట పడకుండా నేరుగా ఒక ఫోల్డర్లోకి పోవాలి. ఆ ఫోల్డర్‌కి ‘చెత్త’ అని పేరు పెట్టాను.

ఆ తరువాత ఒక ఉదయం, తాళ్ళూ గోనెసంచులూ అమ్మే షావుకారు ఒకాయన మెట్లెక్కి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా, మీ మెయిలు ఎద్దుల బండిలో వస్తా ఉందా? మూడు రోజులాయె. డాక్టరేమో రిపోర్టు తెమ్మంటాడు. మీ కౌంటర్లోనేమో టిక్కు పడిందంటారు. ఆ టిక్కుని నీళ్ళల్లో కలుపుకోని తాగేదా?”

“స్పామ్‌లో చూశారా సార్?” అన్నాను. అలవాటుగా మొదట అనే మాట అదే.

“చూసినా. నాకు లాటరీ తగిలిందని ఆడ నాలుగుండాయి. రిపోర్టు లేదు.”

నేను మామూలుగా చేసే పరీక్షే చేశాను. నా ఆఫీసు అడ్రసుకు ఒక మెయిల్ పంపాను. రెప్పపాటులో వచ్చింది. “మా వైపు అంతా సరిగ్గానే ఉంది సార్, మీ ఫోన్లోనే ఏదో...” అంటుండగా ఆయన తన ఫోన్ తీసి నా బల్ల మీద పెట్టాడు.

“నేను చూస్తా ఉండంగా పంపు.”

పంపాను. టిక్కు పడింది. ఫోన్లో ఏమీ రాలేదు. ఇన్‌బాక్స్‌లో లేదు, స్పామ్‌లో లేదు. ఇద్దరమూ ఆ తెర మీదికి వంగి చూస్తూ కూర్చున్నాం. మళ్ళీ పంపాను. మళ్ళీ టిక్కు పడింది. ఆయన ఎగతాళి మానేశాడు.

“ఏమప్పా, ఇది నాకొక్కడికేనా, అందరికీనా?” అని మెల్లగా అడిగాడు.

ఆ ప్రశ్నతో నా పరీక్ష ఎంత పనికిమాలినదో అర్థమైంది. నా ఆఫీసు మెయిల్ మా సర్వర్లోంచి బయలుదేరి మా సర్వర్లోకే వస్తుంది. వీధి గుమ్మం దాటకుండా వంటింట్లోంచి హాల్లోకి నడిచి, ఊళ్ళో దారులన్నీ బాగున్నాయని చెప్పినట్టు. రెండేళ్ళుగా ప్రతి సోమవారం నేను చేస్తూ వచ్చిన పరీక్ష అదే.

మా ఆవిడ అడ్రసుకు ఒకటి పంపి ఫోన్ చేశాను. “ఏం రాలా” అంది. “ఏమైంది, గొంతు అట్లా ఉంది?” ఫోన్ పెట్టేశాను.

మేము మెయిల్స్ నేరుగా పంపం. పెద్ద ఎత్తున పంపిపెట్టే ఒక సర్వీసుకి అప్పగిస్తాం. అప్పగించగానే మా ప్రోగ్రాం టిక్కు వేసేస్తుంది. అంటే ఆ టిక్కుకి అర్థం చేరిందని కాదు, మా చేతిలోంచి పోయిందని మాత్రమే. అది అలా పెట్టిందీ నేనే. ఆ సర్వీసు పేజీ తెరిచాను. పైన ఎర్ర గీత. లేని అడ్రసులకు అదే పనిగా మెయిల్స్ పంపే వాళ్ళను దొంగ మెయిల్స్ పంపే వాళ్ళుగా అనుమానించి ఆపేస్తారు. మమ్మల్ని పదకొండు రోజుల కిందట ఆపేశారు. ఆపే ముందు మూడుసార్లు హెచ్చరించారని కూడా అక్కడే ఉంది. అడ్రసు లేదన్న జవాబులు వచ్చేదీ ఆ సర్వీసు నుంచే కనుక, ఆ హెచ్చరికలు ఎక్కడికి పోయాయో వెతకక్కర్లేకపోయింది. ‘చెత్త’ తెరిచాను. మూడూ ఒకదాని కింద ఒకటి, చదవని మెయిల్స్‌కి ఉండే లావు అక్షరాల్లో కనిపించాయి.

డాక్టరమ్మ గదికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే వింటుంది. అక్క ఏవో కాగితాలతో అక్కడే నిలబడి ఉంది.

“ఎన్ని రోజులు?”

“పదకొండు, మేడమ్.”

ఆమె తల ఎత్తింది. “ఎందువల్ల?”

“కౌంటర్లో తప్పుడు అడ్రసులు కొడుతున్నారు మేడమ్. దానివల్ల మెయిల్స్ ఆపేశారు.”

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట్లోంచి వచ్చింది. అక్క నా వైపు చూసింది. నేను గోడ మీద ఉన్న ఫ్రిజ్ ఉష్ణోగ్రతల చార్టు చదువుతున్నట్టు నటించాను.

“తప్పులు తరువాత చూద్దాం. లిస్టు తియ్యి” అంది డాక్టరమ్మ.

ప్రింటరు ఆగకుండా పేజీలు కక్కింది. ఉన్న వాళ్ళందరూ ఫోన్లు పట్టుకున్నారు. డాక్టరమ్మ పెన్సిల్‌తో ఎర్ర గుర్తున్న వాటిని ఒక్కొక్కటిగా చూస్తోంది. ఒక షుగరు, ఒక కామెర్లు, వాళ్ళు అప్పటికే ఆసుపత్రుల్లో చేరినవాళ్ళు. ఒక రక్తహీనత, ఫోన్లో దొరికింది. నాకు ఊపిరి కొంచెం తిరుగుతోంది. అప్పుడు పెన్సిల్ ఒక చోట ఆగింది.

“ఇది ఎవరికైనా చెప్పామా?”

ఆడశిశువు. రక్తం తీసిన నాటికి వయసు ఐదు రోజులు. థైరాయిడ్ పరీక్ష. అంకె ఎంత ఉండాలో నాకు తెలియదు గాని, ఆ గడిలో పట్టక రెండో వరుసలోకి పోయిన అంకె అది.

“పుట్టుకతోనే ఆ గ్రంథి పని చెయ్యటం లేదు” అంది ఆమె. “కడుపులో ఉన్నంత వరకు తల్లి థైరాయిడ్ హార్మోను సరిపోతుంది. పుట్టాక పిల్లకి తనదే ఉండాలి. అది లేకపోతే మెదడు పెరగదు. రోజూ చిన్న మాత్ర వేస్తే చాలు, మామూలు పిల్లలాగే పెరుగుతుంది. కాని రెండు వారాలు దాటకుండా మొదలుపెట్టాలి.”

“పిల్లకి ఇప్పటికి ఎన్ని రోజులు మేడమ్?”

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. “పదహారు.”

రిపోర్టులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. అక్క నా పక్కకు వచ్చి ఆ పేరు చూసి, కుర్చీ పట్టుకుంది.

“ఈ పిల్ల నాయన నాతో మాట్లాడినాడు తమ్ముడూ. ఆరు రోజుల కింద ఫోన్ చేసినాడు. రిపోర్టు రాలేదు మేడమ్ అన్నాడు. నేను టిక్కు చూసి, పంపించేసినాం నాయనా, బాగా చూడు అని చెప్పినా.” ఆ పేరు మీద వేలు పెట్టింది. “నేనే చెప్పినా.”

ఆ టిక్కు నాది అక్కా, అని అప్పుడే అనాలి. “పద, ఆ పిల్ల ఇంటికి పోదాం” అన్నాను. అంతే.

ఆమెను నా బండి వెనక కూర్చోబెట్టుకుని బేసిన్ బ్రిడ్జి మీదుగా వ్యాసర్‌పాడికి పోయాను. కంటెయినర్ లారీలు ఆగి ఉన్నాయి. వాటి సందుల్లోంచి దూరుతూ ఒకటే లెక్క వేసుకుంటున్నాను. పదహారులోంచి పద్నాలుగు పోతే రెండు. రెండు రోజులు ఎక్కువా, తక్కువా? రెండు రోజుల్లో మెదడులో ఏమి పోతుంది? నడకా, మాటా, లెక్కలా? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్క ఆటోలో ఒక చంటిపిల్ల ఏడుస్తోంది.

రైల్వే యార్డు గోడ వెంబడి రెండో వరుసలో ఇల్లు. గడపలో ఒక పెద్దామె పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తోంది. పిల్ల అమ్మమ్మ. మూడు తరాల కిందట రైల్వే పనికి వచ్చి ఈ తమిళ ఊళ్ళోనే ఉండిపోయిన తెలుగువాళ్ళు. ల్యాబు నుంచి వచ్చామని అక్క చెప్పగానే, “ఈడ దాకా వచ్చినారా! రాండి, రాండి” అని పీట జరిపింది.

“పాప ఎట్లుంది పెద్దమ్మా?” అని అడిగింది అక్క.

“బంగారం! పక్కింటోళ్ళ పిల్లోడు వాడ వాడంతా లేపతా ఉంటాడు. ఇది ఏడవనే ఏడవదు. పాలు కూడా మనమే లేపి తాగించాల. నిద్రపోతానే ఉంటాది తల్లి. రవ్వంత పసుపు రంగుండాది, పొద్దుటెండలో పెడితే సరిపోతాదిలే.”

బయలుదేరే ముందు డాక్టరమ్మ మాకు చెప్పి పంపింది, ఏం చూడాలో. ఏడవకపోవడం, అస్తమానం నిద్ర, తగ్గని పసుపు. ఆ ముసలావిడ మురిసిపోతూ ఒక్కొక్కటిగా చెబుతుంటే అక్క నా వైపు చూడలేకపోయింది. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. దేనినీ చూడటం లేదనిపించింది. ఆ వయసులో ఏ పిల్లయినా అంతేనని తరువాత ఎవరో చెప్పారు. ఆ క్షణంలో నాకు అది తెలియదు.

లోపలి నుంచి తల్లి వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. “రిపోర్టు బాగుండాదా సార్?”

“మీకు మెయిల్ రాలేదామ్మా?” అన్నాను. ఆ ప్రశ్న నేను ఎందుకు అడిగానో నాకు తెలుసు. తప్పు సగమైనా వాళ్ళ వైపు జరగాలని.

“ఆయన రోజూ చూస్తానే ఉండాడు సార్. ఫోన్ కూడా చేసినాడు, పంపించేసినాం అన్నారంట. ఏమన్నా ఉంటే వాళ్ళే ఫోన్ చేస్తారు, చెయ్యలేదంటే బాగుండేటట్టే అన్నాడు. టీకా వేసేటప్పుడు డాక్టరు అడిగితే అప్పుడు చూసుకుందాం అనుకున్న్యాం.”

టీకా ఆరు వారాలకు. ఆ షావుకారు మెట్లెక్కి రాకపోయి ఉంటే, ఆరు వారాలు.

భర్త మనలిలో ఒక కెమికల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడట. లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు, గేటు దగ్గరే ఇచ్చి పోవాలి. అందుకే స్విచాఫ్. అతనికోసం ఆగకుండా తల్లినీ, పిల్లనీ, అమ్మమ్మనీ ఆటో ఎక్కించి పిల్లల ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరు రిపోర్టు మీద తారీఖు చూసి తల్లి మీద విరుచుకుపడ్డాడు.

“పది రోజులైంది ఇది వచ్చి! ఇన్ని రోజులు ఏం చేస్తున్నారమ్మా? చదువుకున్నదానివి కాదా?”

ఆమె పిల్లను దగ్గరికి హత్తుకుని తల దించుకుంది. నేను “మెయిల్ చేరలేదు డాక్టర్, ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్” అన్నాను. టెక్నికల్ ప్రాబ్లమ్ అనే మాట వెనక మనిషి కనిపించడు. నాకు ఆ రోజు కావలసింది అదే.

మళ్ళీ రక్తం తీశారు. ఫలితం కోసం ఆగకుండా మాత్ర మొదలుపెట్టించారు. చిన్న తెల్ల మాత్రను చెంచాలో నలిపి, తల్లిపాలు రెండు చుక్కలు కలిపి పిల్ల నోట్లో పోశారు. పిల్ల మింగిందా లేదా అని మేమంతా దాని గొంతు వైపు చూశాం. “నెల దాటలేదు, అది కొంత నయం. కాని ముందే మొదలై ఉండాల్సింది. పెరిగేకొద్దీ చూస్తే తప్ప ఏమీ చెప్పలేను” అన్నాడు డాక్టరు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి తండ్రి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఇంకా ప్లాంటు బట్టల్లోనే ఉన్నాడు. భార్య అన్నీ చెప్పింది. అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“ఇంటికొచ్చి పిలుచుకోని వచ్చినారు సార్. ఈ కాలంలో ఎవురు చేస్తారు? మీరు మాకు దేవుడు మాదిరి.”

బయటికి తీసుకుపోయి టీ ఇప్పించాడు. నేను తాగాను. ఆ టీ గురించి ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. ఒక్క మాట అని గ్లాసు కింద పెట్టేసి ఉండవచ్చు. చివరి గుక్క దాకా తాగాను.

తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక నుంచి అక్క అంది, “రేపట్నించి నేను పనికి రాను తమ్ముడూ. ఆ అడ్రసులన్నీ నా చేత్తో కొట్టినవే గదా. డాక్టరమ్మతో నువ్వే చెప్పు.”

బండి ఆపేశాను. రోడ్డు పక్కన నిలబడి అన్నీ చెప్పాను. ఏదో ఒకటి కొట్టమన్నది నేనని ఆమెకు తెలుసు. హెచ్చరికలు వచ్చాయని, వాటిని నా కళ్ళకు కనపడకుండా నేనే పాతిపెట్టుకున్నానని, ఆ టిక్కుకి చేరిందన్న అర్థం ఎప్పుడూ లేదని ఆమెకు తెలియదు. ఆమె బండి దిగి నా ఎదటికి వచ్చింది.

“పొద్దున డాక్టరమ్మ ముందర నన్ను చూపించినావే, అప్పుడు తెలుసునా నీకు ఇదంతా?”

“తెలుసక్కా.”

“ఒప్పుకునేది కూడా నీ మెయిల్ మాదిరే లేటుగా వచ్చి చేరింది” అంది. “పా, బండి తియ్యి. ఇంకా ఫోన్లు చెయ్యాల్సినోళ్ళు ఉండారు.”

మర్నాడు ఆమె ఎదుటే డాక్టరమ్మకు చెప్పాను. నన్ను తీసేస్తుందనుకున్నాను. తీసెయ్యలేదు. “ఆ పిల్ల తండ్రికి చెప్పావా?” అని మాత్రం అడిగింది. లేదన్నాను. ఆమె మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగిపోయింది. ఇక నాతో ఆమెకు పని లేదని అర్థమైంది.

మూడు రోజులు నాకు నేనే వాయిదాలు ఇచ్చుకున్నాను. నాలుగో రోజు మనలి వెళ్ళి, షిఫ్టు దిగే వేళకు ఆ గేటు దగ్గర నిలబడ్డాను. మనుషులు వరుసగా టోకెన్లు ఇచ్చి ఫోన్లు తీసుకుంటున్నారు. అతను నన్ను చూసి నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. “పాపకేమైనా...”

“పాపకేం కాలేదు. నేను ఒకటి చెప్పాలి.”

చెప్పాను. ఈసారి టెక్నికల్ ప్రాబ్లమ్ అనలేదు. అతను ఫోన్ చేతిలో పట్టుకుని, ఆన్ చెయ్యకుండా, వింటూ నిలబడ్డాడు. గాలిలో గ్యాసు వాసన ఉంది. అంతా అయ్యాక ఒకటే అడిగాడు.

“నేను ఫోన్ చేసిన పొద్దు మీరు చూసుంటే సార్?”

“ఆరు రోజులు ముందే మాత్ర మొదలయ్యేది.”

“ఆరు రోజులు” అన్నాడు. దవడ బిగిసింది. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అందులోనూ నా సుఖమే చూసుకున్నాను.

“ఇది నాతో చెప్పి పోతే సరిపోదు. మా ఇంట్లో ఆమె ఏమనుకుంటా ఉండాదో తెలుసునా? కడుపుతో ఉన్నప్పుడు వాంతులైతాయని ఐరన్ మాత్రలు పారేసినా, అందుకే పిల్లకి ఇట్లయిందని ఏడస్తా ఉండాది. ఆ డాక్టరు ఇన్ని రోజులు ఏం చేసినావన్నాడు చూడు, ఆ మాట ఆమెకి గుచ్చుకోనుండాది. నువ్వు పక్కనే ఉండావంట గదా. రా. వచ్చి ఆమె ముందర చెప్పు.”

సార్ అనడం, మీరు అనడం అక్కడితో ఆగిపోయాయి. అతని బండి వెనకే నా బండి మీద వ్యాసర్‌పాడికి పోయాను. దారిలో రెండు మలుపుల దగ్గర, ఇలా తిప్పేసి ఇంటికి పోతే ఏమవుతుందని ఆలోచించాను. అదీ రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది.

ఆమె పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గడపలో నిలబడే చెప్పాను. జబ్బు ఆమె వల్ల రాలేదని, మాత్రలు పారెయ్యడం వల్ల రాలేదని డాక్టరమ్మ చెప్పిన మాట మొదట చెప్పాను. ఆలస్యం నా వల్ల జరిగిందని తరువాత చెప్పాను. అమ్మమ్మ లేచి నిలబడింది.

“మా అల్లుడి చేత టీ ఇప్పించుకోని తాగినావే, అప్పుడు యాడబోయింది నీ నోరు? దేవుడంట, దేవుడు! నీ కాళ్ళు కడగతానని మొక్కుకున్న్యా నేను!”

“ఉండమ్మా” అంది కూతురు. నా వైపు చూసి, “పిల్లకి బుద్ధి తక్కువైతాదా?” అని అడిగింది.

“డాక్టరు ఇప్పుడే చెప్పలేనన్నారమ్మా.”

“డాక్టర్ని కాదు, మిమ్మల్ని అడగతా ఉండా.”

“నాకు తెలియదమ్మా. భయంగా ఉంది.”

ఆమె చాలాసేపు పిల్ల కాలి వేళ్ళను ఒక్కొక్కటిగా విడదీస్తూ కూర్చుంది. అప్పుడు అన్న మాటలు ఇవి: “చూపించడానికి పోయినప్పుడల్లా ఆ తలుపు ముందర కూర్చోవాల. పేరు పిలిచేదాకా నాకు గుండె ఆడదు. మీరూ రండి. మేము భయపడేటప్పుడు మీరూ ఆడ కూర్చోండి.”

అప్పటి నుంచి పోతున్నాను. మొదటి రెండుసార్లు ఎవరూ నాతో మాట్లాడలేదు. బెంచీ చివర కూర్చునేవాణ్ణి. పిల్ల పెరుగుతోంది. పసుపు పోయింది. ఏడుస్తోంది, గట్టిగానే. మెడ నిలిపింది, బోర్లా పడింది. ప్రతిదీ రోజులు లెక్కపెట్టి, మామూలు పిల్లలు ఎప్పుడు చేస్తారో దాంతో పోల్చుకుంటాను. ఒకటి వారం ఆలస్యమైతే ఆ వారమంతా అన్నం దిగదు. వారం ముందైతే నమ్మను.

పోయిన నెల దానికి తొమ్మిది నెలలు నిండాయి. డాక్టరు తండ్రినీ నన్నూ కూడా లోపలికి రమ్మన్నాడు. పిల్లను తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, వెనక నిలబడి పేరు పెట్టి పిలిచాడు. తిరగలేదు. బల్ల మీద ఉన్న డబ్బా మూతతో ఆడుకుంటోంది. మళ్ళీ పిలిచాడు. తిరగలేదు. తండ్రి పిడికిలి మూసుకున్నాడు. మూడోసారి పిలిచినప్పుడు మూత వదిలేసి తిరిగి, డాక్టరు ముఖంలోకి చూసి, తరువాత ఎందుకో నా వైపు చూసింది. డాక్టరు ఏదో రాసుకున్నాడు. “రక్తం రిపోర్టు వచ్చాక మాట్లాడదాం, బయట కూర్చోండి” అన్నాడు.

బయటికి వచ్చాక ఆమె నన్ను అడిగింది, “ఆడుకుంటా ఉండి తిరగలేదా, వినపడి కూడా తెలియక తిరగలేదా?”

అవును, ఆడుకుంటూనే అమ్మా, అనడం ఎంత తేలిక. నోటి దాకా వచ్చింది.

“నాకు తెలియలేదమ్మా” అన్నాను.

ఆమె తల ఊపింది. బెంచీ మీద తన పక్కన పెట్టిన పాలసీసా సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ చోట నేను కూర్చున్నాను. లోపలి నుంచి పిలుపు ఇంకా రాలేదు.